గంట దగ్గర కూర్చునే మనిషి

ఆ గురువారం సాయంత్రం నాలుగున్నరకల్లా ఆమె ఇరవై రెండు జతల కళ్ళద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టింది. ఇరవై మూడో జతని పక్కన పెట్టింది. పవరు సరిగానే ఉంది గానీ కుడి అద్దం ఫ్రేములో కూర్చోవలసిన కోణం రెండు డిగ్రీలు పక్కకి పోయింది. పెట్టుకున్నవాళ్లకి నాలుగు రోజులు తలనొప్పి వస్తుంది, ఐదో రోజుకి అలవాటైపోతుంది. దుకాణం యజమాని కూడా ఆ మాటే అన్నాడు.

"అలవాటైపోతుందిలేమ్మా, పంపించెయ్."

"మీ అద్దాలు అలా చేసి ఇవ్వమంటారా?" అంది ఆమె.

ఆయన తన కళ్ళజోడు ఒకసారి సర్దుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆమె కొత్త అద్దం తీసి మళ్ళీ మొదటినుంచి చేసింది. అందుకని బయలుదేరడం పది నిమిషాలు ఆలస్యమైంది. విశ్వవిద్యాలయం దాకా దాదాపు పరుగులాంటి నడక.

ఆమెకి ముప్ఫై ఆరేళ్లు. పద్దెనిమిదో ఏట ఆపేసిన చదువు ముప్ఫై మూడో ఏట సాయంత్రం తరగతుల్లో మళ్ళీ మొదలుపెట్టింది. ఎందుకూ అని ఎవరైనా అడిగితే "ఖాళీగా ఉండి" అంటుంది. పగలంతా అద్దాల దుకాణం, సాయంత్రం ఆరున్నరనుంచి తరగతులు, ఇంటికెళ్తే అక్క, బావ, వాళ్ల ఇద్దరు పిల్లలు, రెండే గదులు. ఇందులో ఖాళీ ఎక్కడుందో అడిగినవాళ్లకి అర్థమయ్యేది కాదు.

విశ్వవిద్యాలయంలో ఆమెని అందరూ గంటక్క అంటారు. విద్యార్థుల జెన్ ధ్యాన సంఘంలో గంట కొట్టే పని ఆమెది.

చేరడం కూడా చిత్రంగానే జరిగింది. మొదటి ఏడాది సంఘాలన్నీ బల్లలు వేసుకుని కొత్తవాళ్లని చేర్చుకునే రోజున, పర్వతారోహకుల తాళ్లకీ డిబేట్ వాళ్ల మైకుకీ మధ్య ఒక ఖాళీ బల్ల, దాని వెనక నోరు మెదపకుండా కూర్చున్న ఒక మనిషీ కనిపించారు. 

"ఇక్కడ ఏం చేస్తారండీ?" 

"ఏమీ చెయ్యం." 

"ఎంతసేపు?" 

"నలభై నిమిషాలు." 

ఆమె అక్కడికక్కడే సంతకం పెట్టింది. నలభై నిమిషాలపాటు తననెవరూ ఏమీ అడగని చోటు ఊళ్లో ఒకటుందని అంతవరకు ఆమెకి తెలియదు.

కూర్చున్నాక తెలిసింది అసలు సంగతి. గోడకి ఎదురుగా దిండు మీద మఠం వేసుకుని, కళ్ళు సగం మూసుకుని, ఊపిరి ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాలి. పది అయ్యాక మళ్ళీ ఒకటి. లెక్క తప్పినా మళ్ళీ ఒకటే. ఆమె మూడు దాటేది కాదు. మూడు అనేలోగా ఆ తెల్లగోడ మీద పొద్దున తిరిగొచ్చిన కళ్ళజోడు ప్రత్యక్షమయ్యేది, తరవాత పెద్దపిల్ల పరీక్ష, తరవాత అక్క పొద్దున అన్న మాట, దానికి తను అనకుండా ఆపుకున్న మాట. దుకాణంలో చేతినిండా పని ఉంటుంది కనక ఇవేవీ దగ్గరికి రావు. ఇక్కడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి మీదికి ఊరకుక్కల్లా ఒక్కసారి వచ్చి పడేవి. ఆరునెలలు అలాగే నెట్టుకొచ్చింది. మానేద్దామనుకుంటున్న వారమే అంతకుముందు గంట పట్టిన అమ్మాయి చదువు పూర్తయి వెళ్ళిపోయింది.

గంట పట్టే మనిషి గోడకేసి కూర్చోనక్కర్లేదు. తలుపు పక్కన, గదికి ఎదురుగా కూర్చోవాలి. ముందు చేతిగడియారం, పక్కన అరచేతిలో పట్టే కంచు గిన్నె, అదే గంట, దాన్ని కొట్టడానికి గుడ్డ చుట్టిన పుల్ల. మొదట్లో మూడు దెబ్బలు, చివర ఒకటి. మధ్యలో నలభై నిమిషాలు కదలకుండా ఉండాలి. అది ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. గడియారం ముల్లు చూస్తూ కూర్చుంటే ఇంకేదీ గుర్తు రాదు, ముల్లుని చూడ్డం కూడా ఒక పనే. అందరూ ఆమెని చూసి ముచ్చటపడేవాళ్లు. నిమ్మకు నీరెత్తినట్టు ఎలా కూర్చుంటుందో చూడండి అని కొత్తవాళ్లకి చూపించేవాళ్లు. రెండున్నరేళ్లుగా ఆ గదిలో ధ్యానం చెయ్యని మనిషి తనొక్కతే అన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఇంట్లో బావ మాత్రం వారం వారం అడిగేవాడు.

"మరదలా, గోడని చూడ్డానికి అంత దూరం పోవాలా? మనింట్లో ఎనిమిదున్నాయి, నీకిష్టమైనది తీసుకో."

"మీ గోడలు మాట్లాడతాయి బావా."

"అది గోడ కాదు, మీ అక్క."

లోపల్నుంచి అక్క "విన్నాను" అనేది.

*

ఆ గురువారం ఆమె ఆయాసపడుతూ విద్యార్థి భవనం రెండో అంతస్తు ఎక్కేసరికి గది ముందు తొమ్మిదిమందీ నిలబడి ఉన్నారు. న్యాయశాస్త్రం రెండో సంవత్సరం చదివే కుర్రాడి చేతిలో ఒక కాగితం ఉంది. అతన్ని అందరూ ప్లీడరనే పిలుస్తారు. వాదించడానికి ఎవరూ దొరక్కపోతే నోటీసుబోర్డుతో వాదించే రకం.

"రెండోది వచ్చిందక్కా," అన్నాడు.

భవనం గదులు పంచేది కార్యాలయంలో ఒక గుమస్తా. ఆయన ఏ వారమైనా, ఏ వేళయినా వచ్చి గదులు చూసుకుంటూ పోతాడు. తీసుకున్న గదిలో సంఘం లేకపోతే 'ఖాళీ' అని రాస్తాడు. ఏడాదిలో మూడు ఖాళీలు పడితే గది వరసలో ఉన్న తరవాతి సంఘానికి పోతుంది. ఈ గదికి వరసలో ఉన్నది డిబేట్ సంఘం.

చిక్కంతా గది కట్టడంలో ఉంది. గదికి ఒకవైపు పొడుగునా కిటికీలు, ఇంకో రెండువైపుల బోర్డులు, పేర్చిన కుర్చీలు. ఖాళీ గోడ అన్నది తలుపున్న గోడ ఒక్కటే. అందుకని అందరూ తలుపుకి అటూ ఇటూ ఆ గోడకేసే తిరిగి కూర్చుంటారు. తలుపులో సన్నటి గాజుపలక ఉంది గానీ దాంట్లోంచి చూస్తే ఎదురుగా కిటికీలూ కుర్చీలూ తప్ప ఏమీ కనపడవు. తలుపేమో మూస్తే దానంతట అదే గడియ పడే రకం, తెరిచి ఉంచితే అగ్నిప్రమాద నియమం ఒప్పుకోదు. గుమస్తా తాళంచెవులు మోసుకు తిరగడు. వస్తాడు, గాజులోంచి చూస్తాడు, రెండుసార్లు తలుపు తడతాడు. లోపల తొమ్మిదిమందీ, గంటక్కతో కలిపి పదిమంది, ఆ చప్పుడు శుభ్రంగా వింటారు. ఒక్కరూ పలకరు. గంట మోగేదాకా పలకకూడదు, లేవకూడదు. ఆయన 'ఖాళీ' అని రాసుకుని పోతాడు.

మొదటి కాగితం వచ్చాక లైట్లు వేసి కూర్చుంటే ఉన్నట్టు తెలుస్తుందనుకున్నారు. రెండో కాగితంలో 'ఖాళీ. లైట్లు ఆర్పకుండా వెళ్ళిపోయారు' అని ఉంది.

తలుపు మీద చీటీ అంటిస్తే పీకేస్తారు. ఒకసారి పీకి, ఇంకోసారి అంటిస్తే గది తీసేస్తామని కూడా చెప్పారు. గంటక్క మర్నాడు పనికి గంట ఆలస్యంగా వస్తానని దుకాణంలో చెప్పి గుమస్తా దగ్గరికి వెళ్ళింది. ఆయన గళ్లచొక్కా వేసుకుని, రూలర్ పెట్టి గీతలు గీసుకుంటున్నాడు.

"మేము లోపలే ఉన్నామండీ."

"మరి పలకలేదేం?"

"పలక్కూడదండీ. మా పద్ధతి."

"నా పద్ధతిలో పలకనివాళ్లు లేనట్టే."

"లోపల ధ్యానంలో ఉంటాం కదండీ. చప్పుడు చెయ్యకూడదు."

"చదరంగం వాళ్లు చేస్తారా చప్పుడు? వాళ్లు కూడా 'ఉన్నాం' అంటారు. మొన్న ఒకాయన ఓడిపోతూ కూడా అన్నాడు." ఆయన తలెత్తి ఆమెని చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు. "చూడమ్మా, లోపలున్నవాళ్లు లేనట్టు ఉండడం మీ గొప్ప. ఉన్నట్టు చూపిస్తే రాసుకోవడం నా పని. ఎవరో ఒకరు తలుపు తియ్యండి, లెక్కపెట్టుకుని పోతాను. అర నిమిషం పని."

న్యాయంగానే ఉంది.

*

ఆ తరవాతి గురువారం కూర్చునే ముందు చర్చ పెట్టారు. సంఘానికి పెద్ద మాస్టారు. రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, చిన్నప్పుడు ఏదో మఠంలో రెండేళ్లుండి నేర్చుకుని వచ్చి పందొమ్మిదేళ్ల కిందట ఈ సంఘం పెట్టాడు. మామూలుగా మృదువైన మనిషే గానీ నియమం దగ్గర మాత్రం త్రాసు పట్టుకున్నట్టు మాట్లాడతాడు.

"తలుపు తడితే గంట దగ్గరున్నవాళ్లు లేచి తియ్యాలి, అంతే," అన్నాడు ప్లీడరు.

"తియ్యొచ్చు," అన్నాడు మాస్టారు. "కాని లేచినవాళ్లకి ఆ ఏడాదికి గంట ఉండదు. ఆ నియమం అందరికీ తెలుసు."

తెలుసు. ఆ నియమం ఊరికే పుట్టలేదు. పదేళ్ల కిందట గంట పట్టిన భూగర్భశాస్త్రం కుర్రాడు మధ్యలో ఫోనొస్తే మెల్లగా బయటికి జారుకుని, మాటల్లో పడి అటునుంచి అటే హాస్టలుకి పోయాడు. లోపల ఎనిమిదిమంది గంట మోగుతుందని గోడకేసి చూస్తూ కూర్చున్నారు. గంటా యాభై నిమిషాలు. ఒకాయనకి రైలు తప్పిపోయింది. ఒకమ్మాయి మాత్రం ఆ రోజే తనకి ఏదో అర్థమైందని ఇప్పటికీ ఉత్తరాలు రాస్తుంది. చివరికి గది ఊడవడానికి వచ్చినామె తలుపు తీసి, జనాన్ని చూసి కెవ్వుమంది. అదే వాళ్లకి గంట అయింది.

"మాస్టారూ, నేను లేస్తాను. నాకు పోగొట్టుకోడానికి గంట లేదుగా," అన్నాడు ప్లీడరు.

"నువ్వు తలుపుకేసి చెవి పెట్టుకుని కూర్చుంటే ధ్యానం చేస్తున్నట్టా, కాపలా కాస్తున్నట్టా?"

"కాపలాయే అనుకోండి."

"కాపలా ఒక్కరే ఉండాలి. అది గంట దగ్గరున్నవాళ్ల పని. మిగిలిన తొమ్మిదిమందికి తలుపు లేదు, గుమస్తా లేడు." ఆయన ఆమెకేసి తిరిగాడు. "అమ్మా, నీకు ఇష్టం లేకపోతే ఒక నాలుగు వారాలు గంట ఇంకెవరికైనా ఇద్దాం. ఆయన వచ్చిపోయాక మళ్ళీ నువ్వే తీసుకో."

మంచి మాటే. ఒప్పుకుంటే నాలుగు వారాలు గోడ. ఆమె నోటికి వెంటనే జవాబు వచ్చేసింది. "అక్కర్లేదండీ. నేనే చూసుకుంటాను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అని ఇంటికి నడుస్తూ అనుకుంది. తలుపు తీస్తే గది ఉంటుంది, గంట పోతుంది. తియ్యకపోతే గదీ గంటా రెండూ పోతాయి. గుమస్తా ఇంక రాకుండా ఉంటే బాగుండును అనుకోవడం ఒక్కటే ఆమె చేతిలో ఉంది. ఆ పని మూడు గురువారాలు శ్రద్ధగా చేసింది. వరండాలో బూట్ల చప్పుడు వినిపించినప్పుడల్లా అది ముందుకు పోతోందా, ఆగుతోందా అని ప్రాణమంతా చెవుల్లోకి వచ్చేది. బయటికి మాత్రం ఎప్పటిలాగే కనపడింది. కొత్తగా చేరిన అమ్మాయి ఒకరోజు "మిమ్మల్ని చూస్తుంటే నాకూ ఎప్పటికైనా వస్తుందనిపిస్తుందక్కా" అంది.

"వస్తుందిలే," అంది గంటక్క. ఇంకేం అంటుంది?

*

నాలుగో గురువారం వచ్చాడు.

ఆ రోజు కొంచెం తొందరగా, ఐదూ ముప్ఫై ఒకటికి మొదలుపెట్టారు. ఐదున్నర అనేది పేరుకే. అందరూ చేరి, దిండ్లు సర్దుకుని, ఫోన్లు ఆపి సంచుల్లో పెట్టేసరికి ఒకరోజు ఐదు నిమిషాలు, ఒకరోజు పది నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. మొదలైన నిమిషం ఎంతో చూసుకునేది ఆమె ఒక్కతే. మిగిలినవాళ్లకి కాలమంటే ఆమె గంటే.

ఆరూ ఐదుకి బూట్ల చప్పుడు తలుపు దగ్గర ఆగింది. గాజు మీద నీడ పడింది. రెండుసార్లు తట్టాడు.

ఆమె గడియారం చూసింది. ముప్ఫై నాలుగు నిమిషాలయ్యాయి. ఇంకా ఆరున్నాయి. గుమస్తా ఆరు నిమిషాలు నిలబడడు, అర నిమిషం కూడా ఎక్కువే. తలుపుకి అటూ ఇటూ గోడకేసి తిరిగిన తొమ్మిదిమంది. ఒక్కరూ కదల్లేదు. కొత్తమ్మాయి భుజాలు మాత్రం కొంచెం బిగుసుకున్నాయి.

మళ్ళీ తట్టాడు. తరవాత కాగితం తిప్పిన చప్పుడు.

ఆమె పుల్ల తీసి గంట కొట్టింది.

అందరూ చేతులు జోడించి గోడకి వంగి నమస్కారం పెట్టారు, లేచారు. ఆమె కూడా అందరితోపాటు లేచి, అందరితోపాటు వంగి, రెండడుగులు వేసి తలుపు తీసింది. గుమస్తా పెన్ను కాగితం మీద పెట్టి ఉన్నాడు.

"లోపలే ఉన్నారే," అన్నాడు. తల లోపలికి పెట్టి వేలితో లెక్కపెట్టాడు. "పది." రాసుకున్నాడు. "ఇందాకే పలికి ఉంటే నాకు మెట్లెక్కే ఓపిక మిగిలేది," అని వెళ్ళిపోయాడు.

గది నిలబడింది. ఏడాదిలో రెండు ఖాళీల తరవాత ఒక హాజరు పడితే పాతవి కొట్టేస్తారు, అది కూడా నియమమే. గదిలో అందరూ ఒకేసారి మాట్లాడ్డం మొదలుపెట్టారు. ఏం సమయం, ఏం సమయం, సరిగ్గా గంట కొట్టే వేళకి వచ్చాడు అన్నారు. ఎవరో అదృష్టమన్నారు. ఇంకెవరో కాదన్నారు.

మాస్టారు దిండు దులిపి పక్కన పెడుతూ, "అది సరే, ఇవాళ కూర్చోవడం గమనించారా?" అన్నాడు. "చాలా లోతుగా ఉంది. ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోయిందో తెలియలేదు. చాలా రోజులైంది నాకు ఇలా కూర్చుని."

"నాకూ అంతేనండీ," అన్నాడు ప్లీడరు. అతని ముఖం వెలిగిపోతోంది. "నా ఎడమకాలు రోజూ చివర్లో మొద్దుబారిపోతుందా? ఇవాళ అసలు బారలేదు. ఏడాదిన్నరలో ఇదే మొదటిసారి. చూడండి." కాలు విదిలించి చూపించాడు.

గంటక్క హాజరు పుస్తకం తీసింది. తేదీ, వచ్చినవాళ్లు పది, కూర్చున్న నిమిషాలు నలభై అని రాసింది. ఆ గడిలో నలభై కాక వేరే అంకె ఎప్పుడూ రాయలేదు కనక చెయ్యి దానంతట అదే రాసేసింది. రాశాక తేలు కుట్టిన దొంగలా పుస్తకం మూసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర బావ అడిగాడు. "ఏమంటోంది గోడ?"

"ఏమీ అనలేదు."

"నువ్వేమైనా అన్నావా?"

"మీరు అన్నం తినండి బావా."

బావ అక్కకేసి చూశాడు. అక్క తలకాయ ఊపింది, అడగొద్దని.

*

ఆ వారమంతా ప్లీడరు తన కాలు గురించి కనపడిన ప్రతివాడికీ చెప్పాడు. క్యాంటీన్లో, లైబ్రరీ మెట్ల మీద, ఆఖరికి డిబేట్ సంఘం వాళ్లకి కూడా. వాళ్లలో ఇద్దరు వచ్చే గురువారం వస్తామన్నారట. మనసు నిలిస్తే శరీరం దానంతట అదే దారికొస్తుంది అని ఒక కాగితం మీద రాసి తన గదిలో బల్ల ముందు అంటించుకున్నాడని కొత్తమ్మాయి చెప్పింది.

తరవాతి గురువారం గంటక్క సరిగ్గా నలభై నిమిషాలకి గంట కొట్టింది.

ప్లీడరు లేవలేకపోయాడు. ఎడమకాలు చేత్తో పట్టుకుని, గోడకి ఆనుకుని, ముఖం అటు తిప్పుకుని కూర్చున్నాడు. డిబేట్ సంఘం వాళ్లు ఇద్దరూ అతన్ని చూసి, ఒకళ్లనొకళ్లు చూసుకుని, తరగతికి వేళయిందని వెళ్ళిపోయారు.

"ఏమైంది?" అన్నాడు మాస్టారు.

"మొద్దుబారిపోయిందండీ. మామూలుకంటే ఎక్కువ." కాలు రుద్దుకుంటూ అన్నాడు. "నేను మానేస్తానండీ."

"కాలు మొద్దుబారితేనా?"

"కాలు గురించి కాదండీ. పోయిన వారం వచ్చింది. చేతికొచ్చింది పోగొట్టుకున్నాను. వారంలో ఏం తప్పు చేశానో కూడా తెలియట్లేదు. ఏడాదిన్నర కష్టపడితే ఒక్క రోజు వచ్చింది, అది కూడా నిలబెట్టుకోలేకపోయానంటే ఇది నావల్ల అయ్యేది కాదు."

హాస్యానికి అంటున్నాడేమోనని గంటక్క అతని ముఖంలోకి చూసింది. కాదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మాస్టారు అతని పక్కన మోకాళ్ల మీద కూర్చుని నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు.

"పోయిన వారం రుచి మరిగావు నాయనా. ఇవాళ కూర్చున్నంతసేపూ దాన్నే వెతుక్కున్నావు. వెతికితే దొరికేది కాదది. లోతు ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. నాకూ ఇవాళ లేదు. అది వచ్చినప్పుడు..."

"పోయిన వారం నేను ముప్ఫై నాలుగు నిమిషాలకే కొట్టానండీ," అంది గంటక్క.

మాస్టారు మాట మధ్యలో ఆగిపోయాడు.

"ఎంతకి?" అన్నాడు ప్లీడరు.

"ముప్ఫై నాలుగు. ఆరు నిమిషాలు ముందు. గుమస్తా తలుపు దగ్గరున్నాడని."

ప్లీడరు కాలు వదిలేశాడు. మనసులో ఏదో లెక్క కట్టాడు. "నా కాలు ముప్ఫై ఆరుకో ముప్ఫై ఏడుకో మొద్దుబారుతుంది."

"అవును."

"అంటే నా కాలిలో ఏ మార్పూ రాలేదు."

"రాలేదు. పోయిన వారమూ అంతే, ఇవాళా అంతే."

"అబ్బా," అని గోడకి తల ఆనించి నవ్వడం మొదలుపెట్టాడు. ఏడ్చే మనిషి నవ్వితే ఎలా ఉంటుందో అలా నవ్వాడు. కొత్తమ్మాయి కూడా నవ్వింది, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, మాస్టారిని చూసి.

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. "మరి నేను లోతుగా ఉందన్నానే," అన్నాడు.

"అన్నారండీ."

"ముప్ఫై నాలుగు నిమిషాలకి."

"అవునండీ."

"అయితే ముప్ఫై నాలుగే పెట్టేసుకుందాం మాస్టారూ, అందరికీ లోతుగానే ఉంటుంది," అన్నారు వెనకనుంచి ఎవరో. మాస్టారు వినిపించుకోలేదు. కళ్ళజోడు పెట్టుకుని గంటక్కకేసి చూశాడు.

"ఎందుకు కొట్టావమ్మా? లేచి తలుపు తీసి ఉండొచ్చు కదా."

"లేస్తే గంట పోతుందని."

"పోతే ఏం? వచ్చే ఏడాది మళ్ళీ వచ్చేది."

"ఈ ఏడాదంతా గోడ దగ్గర కూర్చోవాలి కదండీ." ఇంక దాచడానికి ఏమీ లేదనిపించింది ఆమెకి. "నాకు అది రాదు. ఎప్పుడూ రాలేదు. ఇక్కడ కూర్చుని నేను గడియారం చూస్తానండీ, అంతే. రెండున్నరేళ్లనుంచి."

"మరి ధ్యానం?" అంది కొత్తమ్మాయి.

"అది మీరు చేస్తున్నారుగా."

ప్లీడరు ఈసారి నవ్వలేదు. లేచి, కాలు ఈడ్చుకుంటూ మధ్యలోకి వచ్చాడు. వాదన దొరికితే అతని నొప్పులు పోతాయి. "మాస్టారూ, ఒక్కమాట. నియమం లేచినవాళ్ల గురించి మాత్రమే ఉంది. ముందుగా కొట్టినవాళ్ల గురించి లేదు. అక్క లేవలేదు. గంట కొట్టాకే అందరితోపాటు లేచింది. కాబట్టి నియమం ప్రకారం..."

"నువ్వూరుకో," అంది గంటక్క.

"నీ తరఫునే మాట్లాడుతున్నా అక్కా."

"తెలుసు. అందుకే ఊరుకోమంటున్నా."

ఆమె హాజరు పుస్తకం తీసి, పోయిన వారం గడిలో నలభై మీద ఒక గీత కొట్టి ముప్ఫై నాలుగు అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టింది. తరవాత కంచు గిన్నె, పుల్ల తీసుకెళ్లి ప్లీడరు చేతిలో పెట్టింది. ఏడాది దాటి వస్తున్నవాళ్లలో కాలు మొద్దుబారకుండా కూర్చోవలసిన అవసరం ఎక్కువున్నది అతనికే. గంట దగ్గర కాలు చాపుకున్నా ఎవరికీ కనపడదు. ఆ మాట పైకి అనలేదు.

మాస్టారు తల పంకించాడు. "వచ్చే వారంనుంచి," అన్నాడు.

"గడియారం కూడా ఇయ్యి అక్కా," అన్నాడు ప్లీడరు. "నాకు లేదు, ఫోనే."

ఆమె విప్పి ఇచ్చింది.

ఆ రాత్రి ఇంట్లో బావ ఆమె ఖాళీ మణికట్టు చూసి "గడియారం ఏది?" అన్నాడు.

"ఒకబ్బాయికి ఇచ్చాను. గురువారాలకి."

"మరి నువ్వు?"

"నేను గోడకి ప్రమోషన్ అయ్యాను బావా."

"ఆ ప్రమోషన్ ఇక్కడే ఇద్దును కదే నేను," అన్నాడు బావ. అక్క చిన్నపిల్లని లేపి పక్కకి జరిపి, చెల్లెలికి కూర్చోడానికి చోటు చేసింది.

*

ఆ తరవాతి గురువారం ఆమె దుకాణంలో పందొమ్మిది జతలు పూర్తి చేసి బయలుదేరింది. గదిలో గోడ దగ్గర కుడినుంచి మూడో దిండు ఖాళీగా ఉంది. అది ఎవరి చోటూ కాదు. గోడ మీద పాత పోస్టరు పీకిన చోట రంగు లేచి అరచేతి వెడల్పు మచ్చ ఉంది. తలుపు పక్కన కూర్చున్నన్నాళ్లు ఆమెకి అది కనపడలేదు.

ప్లీడరు మూడుసార్లు గంట కొట్టాడు. మూడోది కొంచెం గట్టిగా పడింది.

ఒకటి. రెండు. మూడు అనేసరికి ఆ పొద్దున తిరిగొచ్చిన కళ్ళజోడు గోడ మీదికి వచ్చేసింది. మళ్ళీ ఒకటి. రెండు. అక్క. మళ్ళీ ఒకటి. తలుపు పక్కన గడియారం ఉంది గానీ అది ఆమె వైపు చూడదు. పది నిమిషాలయిందో, ఇరవై అయిందో తెలుసుకోడానికి దారి లేదు. మోకాలు నొప్పి మొదలైంది. ఆమె మోకాలు ఎన్ని నిమిషాలకి నొప్పి పుడుతుందో ఆమెకే తెలియదు. ఇన్నాళ్లూ పుట్టలేదు. ఒకటి. రెండు. మూడు. పెద్దపిల్ల. మళ్ళీ ఒకటి.

గంట మోగింది. ఆమె వంగి లేవబోయి, లేవలేక, గోడ పట్టుకుని లేచింది.

"సరిగ్గా నలభయ్యేనా?" అని అడిగింది.

"నలభై ఒకటి అక్కా," అన్నాడు ప్లీడరు. "ఒక నిమిషం ఎక్కువైంది. నిన్ను చూస్తూ ముల్లు చూసుకోలేదు."

"నలభై ఒకటే రాయి," అంది ఆమె. సంచి తీసుకుని తరగతికి బయలుదేరింది. మెట్లు దిగుతుంటే మోకాలు పట్టేసింది. ఏడాది ముగిసేలోగా ఇంకా పదకొండు గురువారాలున్నాయి.